క్యాబేజీకి కెప్టెన్ ఏమవుతాడు?

మా ఆల్బన్ బాబాయి చెవిన పడిన ఏ మాటనూ ఒంటరిగా పోనిచ్చేవాడు కాదు. దారినపోయే మాటను చెయ్యిపట్టుకుని ఆపి, నీ అక్కచెల్లెళ్ళు ఎవరు, మేనమామది ఏ ఊరు, మీ ముత్తాత లాటిన్‌లో ఏం చేసేవాడు అని ఆరా తీసి, ఆ బంధుత్వమంతా ఎదుటి మనిషికి అప్పజెబితే తప్ప ఆయనకు అన్నం సహించేది కాదు. ఎదుటి మనిషికి రైలు తప్పిపోనీ, పొయ్యి మీద పాలు పొంగిపోనీ, బాబాయికి పట్టేది కాదు. పాలు మళ్ళీ దొరుకుతాయి, చుట్టరికం తెలుసుకునే అవకాశం మళ్ళీ రాదు కదా అనేవాడు.

మా ఊరు స్కెల్‌బెక్‌లో ఉన్న ఒకే ఒక్క కిరాణా కొట్టు నాది. బాబాయి రోజూ ఉదయం వచ్చి, బిస్కెట్ల డబ్బాల పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఒక శనివారం విల్ఫ్ డౌసన్ వచ్చాడు. విల్ఫ్ మా ఊరి క్రికెట్ జట్టుకి కెప్టెన్. నడుస్తున్నా, ఆవలిస్తున్నా, ఆఖరికి గొడుగు మూస్తున్నా కెప్టెన్‌లాగే ఉంటాడు. ఒక క్యాబేజీ ఏరుకుని కాగితంలో చుట్టమన్నాడు.

"ఏం కెప్టెన్, చుట్టాన్ని ఇంటికి తీసుకెళ్తున్నావా?" అన్నాడు బాబాయి.

"ఎవరండీ చుట్టం?"

"నీ చంకలో ఉన్నాయనే. లాటిన్‌లో తలకాయని కాపుట్ అంటారు. జట్టుకి తలకాయ కెప్టెన్. వంటింటికి తలకాయ షెఫ్. దేశానికి తలకాయ క్యాపిటల్. ఇక తోటలో మట్టి మీద కూర్చున్న తలకాయ..."

"క్యాబేజీనా?"

"చూశావా, చెప్పకుండానే తెలిసిపోయింది! రక్తసంబంధం ఎక్కడికి పోతుంది?"

విల్ఫ్ క్యాబేజీని బల్ల మీద పెట్టేశాడు. బంగాళాదుంపలు చాలన్నాడు. "వీటికి కూడా చుట్టాలున్నారా?" అని అనుమానంగా అడిగాడు.

"ఉన్నారు గానీ సముద్రం అవతల. నిదానంగా చెప్పుకోవాలి, కూర్చో."

విల్ఫ్ కూర్చోలేదు. ఆ ఏడాదంతా క్రికెట్ ఆడేవాళ్ళెవరూ నా కొట్టులో క్యాబేజీ కొనలేదు.

ఈ అలవాటు బాబాయికి ఎలా అబ్బిందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన చాలాకాలం పళ్ళ డాక్టరు. ఎదుటివాడు నోరు బార్లా తెరుచుకుని, బుగ్గల్లో దూది కుక్కుకుని, కుర్చీకి అతుక్కుపోయి ఉంటాడు. చెప్పేవాడికి అంతకంటే మంచి శ్రోత ఏ లోకంలో దొరుకుతాడు? వసంతకాలంలో పచ్చికంతా పసుపు పూలతో వెలిగిపోతుంటే, కిటికీలోంచి చూపించి "ఆ డాండిలయన్ ఉందే, అది నాకు పెత్తల్లి కూతురు. ఆకు అంచు చూడు, సింహం కోరలు. డెంట్ అంటే పన్ను. నేను డెంటిస్టుని, అది డాండిలయన్" అని మొదలుపెట్టి, పిప్పిపన్ను పీకేలోపు ఒక వంశం మొత్తం పూర్తిచేసేవాడు. ఒకసారి ఈ విల్ఫే తట్టుకోలేక వేలు కొరికేశాడు. బాబాయి రక్తం కారుతున్న వేలిని ఆప్యాయంగా చూసుకుని, "బైట్, బిట్, బిట్టర్, బీటిల్, నాలుగూ ఒక్క తల్లి పిల్లలు. కొరికేది పురుగు, కొరికితే వచ్చేది ముక్క, నాలికని కొరికేది చేదు. నువ్వు ఐదోవాడివి విల్ఫ్" అన్నాడట.

నా పెళ్ళిలోనూ అంతే. విందులో అందరూ గ్లాసులు పైకెత్తి రెండు మంచిమాటలు చెబుతున్నారు. బాబాయి లేచాడు. మా అమ్మ కళ్ళు మూసుకుంది.

"ఈ రోజు నుంచి మా హిల్డా హౌస్‌వైఫ్ అవుతోంది. చాలా గౌరవమైన మాట. కానీ ఈ మాటనే జనం తొందరతొందరగా పలికీ పలికీ, అరగదీసి అరగదీసి, చివరికి హస్సీ అని చేశారు."

హస్సీ అంటే మా వైపు సిగ్గూశరం లేని ఆడదాన్ని తిట్టే తిట్టు. మా అత్తగారి టోపీ మీద ఈకలు వణికాయి.

"అంటే మా కోడల్ని ఏమంటున్నారు మీరు?" అంది ఆవిడ.

"అమ్మా, నేనేమీ అనలేదు. రెండూ ఒకే మాట అంటున్నాను. మీరు కూడా హౌస్‌వైఫే కదా!"

ఆ తర్వాత మా అత్తగారు చచ్చేదాకా బాబాయి ఎదురైతే టోపీ సరిచేసుకుని వీధి అవతలికి వెళ్ళిపోయేది.

ఇక మాబెల్ ఫ్రాంక్‌తో వైరం ఇంకా పాతది. మాబెల్ సహకార సంఘంలో మేనేజరు. ఊళ్ళో ప్రతి కమిటీకీ పెద్ద. తోటల దగ్గర ఒకరోజు ఎరువు బండి దిగుతుంటే, అందరి ముందూ బాబాయి మేనేజరూ మాన్యూరూ ఒకే ఇంటి బిడ్డలని ప్రకటించాడు. లాటిన్‌లో మానుస్ అంటే చెయ్యి. చేత్తో నడిపించేది మేనేజరు, చేత్తో చేసే సేద్యం నుంచి వచ్చింది మాన్యూరు, అంటే ఎరువు. అర్థం చెబుతూనే ఉన్నాడు పాపం, ఎవరికీ వినబడలేదు. అప్పటికే అందరూ పేడకుప్ప మాట పట్టుకుని నవ్వుతున్నారు. మాబెల్ నవ్వలేదు.

బాబాయిని ఓపిగ్గా విన్నది భూమ్మీద ఒక్కడే, సిరిల్ హార్లాండ్. ఇద్దరూ బడిలో ఒకే బెంచీ. సిరిల్ తక్కువ మాట్లాడతాడు. మాట్లాడితే మంచుపొరలోంచి చర్చి గంట మోగినట్టు ఉంటుంది. ఆ గొంతు వల్లే ఆయన మా గూస్‌బెర్రీ పోటీకి తూకందారు. ఆయనకు ముందు వాళ్ళ నాన్న.

గూస్‌బెర్రీ అంటే ముళ్ళపొదకు కాసే పుల్లటి కాయ. దాని పోటీ అంటే మాకు పండగ కాదు, పండగకంటే ఎక్కువ. కొండలన్నీ ఊదారంగు పూలు కప్పుకునే ఆగస్టులో, బడి హాలులో, ఎవరు పెంచిన కాయ బరువెక్కువో తూస్తారు. ఒక్క కాయ. గుత్తి కాదు, బుట్ట కాదు. ఆ ఒక్క కాయ కోసం ఏడాదంతా పెద్దమనుషులు పొదల ముందు మోకాళ్ళ మీద ఉంటారు. వేసవిలో హఠాత్తుగా వాన పడితే కాయ నీళ్ళు తాగి పగిలిపోతుందని, పెళ్ళాం తడుస్తున్నా సరే గొడుగు తీసుకెళ్ళి పొదకి పడతారు.

ఆ తూకానికి ఒక కట్టుబాటు ఉంది. సిరిల్ కాయను పళ్ళెంలో పెట్టాక, తక్కెడ ముల్లు నిలబడి, ఆయన బరువు పలికేదాకా హాలులో ఎవరూ నోరు మెదపకూడదు. ఊపిరి తగిలినా పళ్ళెం ఊగుతుంది. మెదిపినవాడు ఉత్త ప్రేక్షకుడైతే బయటికి పంపుతారు. కాయ పెంచినవాడైతే వాడి కాయను బల్ల మీంచి తీసేస్తారు. ఇంకో కట్టుబాటు తూకందారుకి. బరువు తడుముకోకుండా పలకాలి. పలకలేకపోయిన రోజున తక్కెడ ఇంకొకరికి ఇచ్చేయాలి. సిరిల్ వాళ్ళ నాన్న గొంతు అలాగే ఒక ఆగస్టులో బొంగురుపోయింది. తక్కెడ కొడుక్కి ఇచ్చి, ఇంటికెళ్ళి, ఇక ఆ హాలు గుమ్మం తొక్కలేదు.

బాబాయి ఎన్నడూ గెలవలేదు. ఒక ఏడు కాయ పగిలింది. ఒక ఏడు బ్లాక్‌బర్డ్ పిట్ట తినేసింది. మంచి కాయ పండిన ఏడు, విల్ఫ్ కాయ పళ్ళెంలో ఉండగా పక్కనున్నవాడు గొణిగిన "రైవల్" అనే మాట విని ఆగలేకపోయాడు. "రైవల్ అంటే శత్రువు కాదయ్యా, ఒకే కాలవ నీళ్ళు వాడుకునేవాడు! డిరైవ్ వాడి తమ్ముడు. కానీ రివర్ మాత్రం వీళ్ళకి ఏమీ కాదు, ఇంటిపేరు వేరు!" అన్నాడు. కాయ పోయింది. రివర్‌కీ రైవల్‌కీ చుట్టరికం లేదని ఊరందరికీ తెలిసిందిగా, అదే లాభం అన్నాడు.

ఆ చలికాలం సిరిల్‌కి జబ్బు చేసింది. రొమ్ముపడిశం అన్నారు. కొన్నాళ్ళు కనిపించలేదు. వసంతంలో మళ్ళీ బయటికొచ్చాడు, కాస్త తగ్గాడు, అంతే. కానీ అప్పటినుంచీ బాబాయి రోగం ముదిరింది. అంతకుముందు సిరిల్ నోరు విప్పితే గౌరవంగా ఆగేవాడు కాస్తా, ఇప్పుడు ఒక్క వాక్యం పూర్తిచెయ్యనివ్వడం లేదు.

"హిల్డా, నాకో..." అంటాడు సిరిల్ నా కొట్టులో.

"బ్రెడ్డా? ఆగు. బ్రెడ్డుని లాటిన్‌లో పానిస్ అంటారు. కంపెనీ అంటే కలిసి రొట్టె తినేవాళ్ళు. కంపానియన్ కూడా అదే. రొట్టె దాచుకునే గది పాంట్రీ. హిల్డా, వీడికో బ్రెడ్డివ్వు."

"అవును, బ్రెడ్డే" అంటాడు సిరిల్.

నాకు ఒళ్ళు మండిపోయేది. "బాబాయ్, పాపం ఆయన్ని అడగనివ్వండి. ఆయనకి నోరు లేదా?"

"వాడికుంది. నాకూ ఉంది. నాది కొంచెం తొందర" అనేవాడు.

ఊరంతా అదే మాట. సత్రంలో బీరు తాగుతూ విల్ఫ్, "సిరిల్‌కి తక్కెడ ముందే కాస్త శాంతి. అక్కడైనా ఆల్బన్ ఆయన్ని మాట్లాడనిస్తాడు" అన్నాడు. అందరూ అవునన్నారు. రోజూ ఉదయం వాళ్ళిద్దరూ వాగు గట్టున నడుస్తుంటే, బాబాయి చేతులు గాలిలో ఆడుతూ, నోరు ఆగకుండా కదులుతూ దూరానికి కనిపించేవి. ఆ పక్కన సిరిల్ తలొంచుకుని, ఏదో నెమరేస్తున్నట్టు పెదాలు కదుపుతూ ఉండేవాడు. పాపం, ప్రార్థన చేసుకుంటున్నాడని అనుకునేవాళ్ళం.

ఆ ఏడే, చూడండి, బాబాయి పొదకు ఆ కాయ కాసింది.

చంటిపిల్లాడి పిడికిలంత ఉంది. లేత పసుపు, ఒంటినిండా సన్నని నూగు, ఎండకు ఎదురుగా పట్టుకుంటే లోపల గింజలు నీళ్ళలో చేపపిల్లల్లా కనిపించేవి. జూలై వానలన్నిటికీ బాబాయి దానికి గొడుగు పట్టి తను తడిశాడు. తుమ్ముతూ నిలబడ్డ ఆయన పక్కన నిలబడి నేను గట్టిగా చెప్పాను.

"బాబాయ్, ఈసారి కప్పు మీదే. విల్ఫ్ కాయ నేను చూశాను, దీని ముందు ఆనదు. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. నోరు మూసుకోవడం."

"ఎంతసేపు?"

"తూకం అయ్యేదాకా."

"ఎవరైనా మంచి మాట అంటేనో?"

"అననివ్వండి! దాని చుట్టాల్ని తర్వాత పలకరించండి. బాబాయ్, మీకీ కప్పు కావాలా, వద్దా?"

ఆయన కాయవైపు చూశాడు. తుమ్మాడు. "కావాలి హిల్డా" అన్నాడు, చిన్నపిల్లాడిలా. "చాలా కావాలి."

పోటీ రోజున నేను బెల్లంపాకంతో గట్టి టాఫీ చేసి తీసుకెళ్ళాను. మా అమ్మమ్మ చేసే రకం, నోట్లో పెట్టుకుంటే దవడలు రెండూ ఒకదాన్నొకటి వదలవు.

"పళ్ళ డాక్టరుకి టాఫీ పెడతావా?" అన్నాడు గాయపడిన గొంతుతో.

"నోరు తెరవండి."

హాలు నిండిపోయింది. సిరిల్ నల్లకోటు వేసుకుని తక్కెడ వెనక నిలబడ్డాడు. పక్కన మాబెల్ ఫ్రాంక్. నేను ఎదురుగా, ఆయన పలికిన బరువును సుద్దతో పలక మీద రాయడానికి. చిన్నకాయలు ముందు తూగుతాయి. వాటికి బరువు డ్రాముల్లోనే, పదహారు డ్రాములైతే ఒక ఔన్సు. సిరిల్ గొంతు ఒక్కో కాయకీ చర్చి గంటలా మోగింది. ఎవరో దగ్గబోయి టోపీ నోట్లో కుక్కుకున్నారు. బాబాయి దవడలు బిగించి, కళ్ళు పెద్దవి చేసి, ముఖం ఎర్రగా చేసుకుని ఒక మూల నిలబడ్డాడు. ఊరంతా కాయల్ని మానేసి ఆయన్నే చూస్తోంది. సత్రం వాళ్ళయితే ఆగుతాడా లేదా అని పందేలు కూడా కట్టారు.

చివరికి రెండు కాయలు మిగిలాయి. నిరుటి విజేత విల్ఫ్‌ది ఆఖరున. అంతకుముందు బాబాయిది.

సిరిల్ దాన్ని రెండు వేళ్ళతో, గుడ్డు ఎత్తినట్టు ఎత్తి పళ్ళెంలో పెట్టాడు. పళ్ళెం ఒక్కసారి కిందికి దిగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. డ్రాములు దాటి ఔన్సులోకి వెళ్ళిన కాయ మా ఊళ్ళో ఇంతవరకూ విల్ఫ్‌ది తప్ప లేదు. ముల్లు ఊగి, ఊగి, నిలబడింది.

సిరిల్ నోరు తెరిచాడు.

నేను సుద్ద ఎత్తాను.

"ఆల్బన్ వెంట్రెస్. పసుపు కాయ. ఒక..."

అంతే. నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి చూశాను. ఆయన పెదాలు ఆగిపోయాయి. కళ్ళు, చీకటి గదిలో అగ్గిపెట్టె కోసం వెతికే చెయ్యిలా, అటూ ఇటూ తడుముకుంటున్నాయి. మాబెల్ భుజం కదిలింది. ఆమె తల నెమ్మదిగా ఆయనవైపు తిరగడం మొదలైంది.

"ఔన్స్!" అని మూలనుంచి ఒక కేక.

టాఫీ దవడని వదిలి ఎగిరి ఎవరి ఒళ్ళోనో పడింది.

"ఔన్స్! అదెవరో తెలుసా మీకెవరికైనా? ఇంచికి సొంత అక్క! పన్నెండో వంతుని లాటిన్‌లో ఉన్సియా అంటారు. పాతకాలం పౌండులో పన్నెండో వంతు ఔన్సు, అడుగులో పన్నెండో వంతు ఇంచి! ఒకతి తక్కెడలో కాపురం, ఒకతి కొలబద్ద మీద కాపురం! ఎప్పుడూ కలుసుకోని అక్కచెల్లెళ్ళు!"

హాలు గొల్లుమంది. తిట్లు, నవ్వులు, ఈలలు. "ఓడిపోయావ్, బీరు పొయ్యి!" అని పందెం కాసినవాళ్ళు అరుచుకుంటున్నారు. మాబెల్ తల సిరిల్ దగ్గర ఆగకుండా గిర్రున బాబాయి వైపు తిరిగిపోయింది.

"ఆల్బన్ వెంట్రెస్! నీ కాయ పళ్ళెంలో ఉండగా!"

"ఇంత సస్పెన్స్‌లో ఉంచి ఇదా చేసేది!" అని విల్ఫ్ అరిచాడు.

"సస్పెన్సా! అది ఈ తక్కెడ ఇంటి ఆడపడుచే విల్ఫ్! పెండ్ అంటే వేలాడదీసి తూచడం. పెండ్యులం, పెన్షన్, డిపెండ్..."

ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకెళుతుంటే కూడా చుట్టాలు ఒక్కొక్కరే గుమ్మం దాటుతూ వినిపించారు. మాబెల్ కాయను పళ్ళెంలోంచి తీసి నా చేతిలో పెట్టింది. "మీ బాబాయికి ఇచ్చెయ్. తన కాయ కోసం కూడా నోరు కట్టుకోలేనివాడికి దేవుడే దిక్కు."

గోల సద్దుమణిగాక విల్ఫ్ కాయ పళ్ళెం ఎక్కింది. సిరిల్ గొంతు సవరించుకున్నాడు. "విల్ఫ్రెడ్ డౌసన్. ఎర్ర కాయ. ఒక ఔన్సు, రెండు డ్రాములు." గంట మోగినట్టు. నేను రాశాను. అక్షరాలు వంకరపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం కాయను ఒక సాసర్లో పెట్టుకుని బాబాయి ఇంటికెళ్ళాను. వెనకవైపు రాతిగోడ మీద కూర్చుని ఉన్నాడు. కొండల మీంచి ఊదారంగు మెల్లగా గాలిలోకి కరుగుతోంది.

"అది రొమ్ముపడిశం కాదు కదా?" అన్నాను.

"ఏది?"

"బాబాయ్."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "తలలో చిన్న రక్తనాళం చిట్లింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. మాటలే అప్పుడప్పుడు తలుపేసుకుంటాయి. ఎవరికీ చెప్పొద్దన్నాడు. తక్కెడ తీసేసుకుంటారుగా."

"అందుకని ఆరునెలలుగా ఊరందరిచేతా తిట్లు తింటున్నారా?"

"తిట్లు నాకు కొత్తా? వీడికి ఒక మాట దొరక్కపోతే తిన్నగా దాని ఇంటికెళ్ళి తలుపు బాదితే లాభం లేదు హిల్డా. దాని చెల్లెలింటికెళ్ళి అడగాలి. కాసేపటికి అదే బయటికొస్తుంది. వాగు గట్టున రోజూ మేం చేసేది అదే. ఒక్కో ఇల్లూ తిరిగొస్తాం."

"మరి ఈ కప్పు? చాలా కావాలన్నారు."

"కావాలి" అన్నాడు. కాయవైపు చూడలేదు. "వచ్చే ఏడు టాఫీ ఇంకాస్త గట్టిగా చెయ్యి."

అంతలో తోట తలుపు కిర్రుమంది. సిరిల్. నల్లకోటు ఇంకా విప్పలేదు. వచ్చి బాబాయి పక్కన గోడ మీద కూర్చుని, సాసర్లో కాయను చూశాడు. దాని బరువు ఆయనొక్కడికే తెలుసు. ముల్లు ఆయన వైపే ఉంటుంది, అది నిలబడ్డప్పుడు ఆయన తప్ప ఇంకెవరూ చూడలేదు.

"ఇది..." అన్నాడు సిరిల్.

ఆగాడు.

నేను బాబాయి నోటివైపు చూశాను. అది కదల్లేదు. సిరిల్ వెతుకుతున్నాడు. ఒక తేనెటీగ వచ్చి కాయ చుట్టూ తిరిగి, ఆలోచించుకుని, వెళ్ళిపోయింది. కొండ మీద ఎవరి గొర్రెలో అరిచాయి. బాబాయి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పెదాలు మూసుకుని, ఎక్కడికీ వెళ్ళే పని లేనివాడిలా కూర్చున్నాడు. ఆ మనిషి అంతసేపు మౌనంగా ఉండటం నేను పుట్టాక అదే మొదటిసారి. నోట్లో టాఫీ కూడా లేదు.

"ఇది ఒక ఔన్సు" అన్నాడు సిరిల్ చివరికి, "ఆరు డ్రాములు."

బాబాయి ముఖం దీపంలా వెలిగింది. "విల్ఫ్‌దాని కంటే?"

"నాలుగు ఎక్కువ. మా నాన్న తూచినవాటిలో కూడా ఇంత కాయ లేదు."

ఇద్దరూ దాన్ని కాసేపు చూసుకున్నారు. తర్వాత సిరిల్ జేబులోంచి చాకు తీసి దాన్ని మూడు ముక్కలు చేశాడు. నాకో ముక్క పెట్టాడు. పులుపుకి నా చెవులు రెండూ మూసుకుపోయాయి. బాబాయి కళ్ళలోంచి నీళ్ళు కారాయి, పులుపుకే.

"ఆల్బన్, ఈ గూస్‌బెర్రీకి చుట్టాలెవర్రా?" అన్నాడు సిరిల్.

"తెలీదురా. గూస్ అన్నారు కదా అని బాతు ఇంటికెళ్ళి అడిగారు, మావాడు కాదంది. పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. పాపం, నా అన్నవాళ్ళెవరో తేలలేదు."

"దిక్కులేనిదాన్ని గొడుగుపట్టి పెంచి, పదిమందిలో బరువు తూయించి, ఆఖరికి నువ్వే తింటున్నావా! నీకంటే ఆ బ్లాక్‌బర్డే నయం కదరా!" అన్నాడు సిరిల్, ఒక్క మాట కూడా తడుముకోకుండా.

బాబాయి నోరు తెరిచాడు. మిగిలిన ముక్కను అందులో వేసుకున్నాడు.